లేరని చెప్పిన పిల్లలు

పిల్లల కోసం ఆరేళ్లు ఆపేసిన నర్సింగ్ చదువులో మళ్లీ చేరి, గద్వాల నుంచి వనపర్తి హాస్టల్‌కి వెళ్తున్న రోజది. బస్సులో నా పక్కన కూర్చున్న ముసలవ్వ సీతాఫలాల గంపను కాళ్ల దగ్గర సర్దుకుని అడిగింది.

"పిల్లలెందరు బిడ్డా?"

"లేరవ్వా" అన్నాను. ఇద్దరంటే, ఎవరి దగ్గర వదిలి వస్తున్నావని అడుగుతుందని భయం.

కాసేపటికి నా పాత రికార్డు పుస్తకం తెరిచాను. నేను గీసిన గుండె బొమ్మ పక్కనే మా పాప రంగు పెన్సిల్‌తో నన్నూ, తమ్ముడినీ, తననూ గీసి, కింద వంకరగా 'అమ్మ' అని రాసింది. అవ్వ చూసింది.

దిగేటప్పుడు రెండు పండ్లు నా ఒళ్లో పెట్టింది.

"రేపటికి మాగుతయ్. గింజలు దీసి పెట్టు, లేకుంటే పిల్లలు మింగుతరు."

అవి మర్నాడే మాగాయి. ఇంటికెళ్లడానికి నాకు సెలవు దొరికింది పది రోజులకి.