కిటికీలో రాగి పతకాలు

మా ఇంటి ఓనరు అంకుల్ పోయారు. మాదాపూర్‌లో, ఆఫీసు మీటింగులో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పోయిండు బిడ్డా. చాయ తాగి కుర్సీల కూసున్నడు, ఇగ లేవలె. నువ్వు జర జల్ది రా" అన్నారు. ఆవిడ ఏడవకుండానే చెప్పారు. చందానగర్‌లో ఇల్లు చేరేదాకా క్యాబ్‌లో ఏడ్చింది నేనే.

వాళ్ల పై వాటాలో కిరాయికి ఉంటున్నాను. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చిందగ్గర్నుంచీ ఇల్లు మారలేదు. అంకుల్ కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పతకాలు పోగు చేయడం ఆయన పిచ్చి. పిచ్చి అన్నది ఆంటీ మాట, ఆయన కూడా కాదనేవారు కాదు. సంస్థానం రోజుల్లో ఉత్సవాలకు వేయించిన పతకాలు, ఎప్పుడో జరిగిన ఎగ్జిబిషన్ల గుర్తుగా పంచిన బిళ్లలు, మూతపడ్డ మిల్లుల క్యాంటీన్ టోకెన్లు, అన్నీ ఉండేవి. పాత సామాను అమ్మేవాళ్లంతా ఆయనకు దోస్తులే. నాణేలు మాత్రం ముట్టేవారు కాదు. "నాణెం రోజూ తిరిగేది బిడ్డా. పతకం ఏదో ఒక్క నాటిది. ఆ నాడు ఎవరో సంబురపడ్డరు, అందుకే అచ్చేసిన్రు" అనేవారు.

ఒకసారి మా ఆఫీసులో ప్రాజెక్టు పూర్తయిందని టీమ్‌లో తలా ఒక పతకం చేతిలో పెట్టారు. జీతం పెంచమంటే ఇదా అని ఒళ్లు మండి, దాన్ని మంచినీళ్ల గ్లాసు మీద మూతగా వాడుకుంటున్నాను. కుళాయి చూడడానికి పైకి వచ్చిన అంకుల్ కళ్లు దాని మీద పడ్డాయి.

"ఇది నాకిస్తవా?"

"తీసుకోండి అంకుల్. గ్లాసుకి వేరే మూత చూసుకుంటాను."

ఊరికే తీసుకోలేదు. ఎవరెవరు పనిచేశారు, పూర్తయిన రోజు ఏం చేశారు, అన్నీ అడిగారు. బిర్యానీ తెప్పించుకున్నామనీ, తర్వాత మమ్మల్నందర్నీ నవ్వించే అమ్మాయితో సహా టీమ్‌లో సగం మందిని తీసేశారనీ చెప్పాను. ఆయన ఆ బిళ్లని తీసుకెళ్లి సంస్థానం పతకాల పక్కనే పెట్టారు. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ తర్వాత మెట్ల మీద కనిపించినప్పుడల్లా "గా నవ్వించే పిల్ల ఉండె గద మీ టీమ్‌ల, ఆమెకు నౌకరి దొరికిందా?" అని అడిగేవారు. ఆయన అడిగారు కదా అని ఆ అమ్మాయికి ఫోన్ చేసి కనుక్కున్నాను. లేకపోతే చేసేదాన్ని కాదు.

పతకాన్ని ఆయన ఎప్పుడూ రెండు వేళ్లతో అంచు పట్టుకుని తీసేవారు. వేలి తడి దాని ముఖానికి తగలకూడదు. తుడవడమైతే మహాపాపం. రాగి మీద ఏళ్ల తరబడి పట్టిన ముదురు గోధుమరంగే దానికి వయసట. అది పోతే, సేకరించేవాళ్ల లెక్కలో పతకం పోయినట్టే. నేనోసారి చున్నీతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపి, "ముసలాయన ముడతలకు ఇస్త్రీ చేస్తరా?" అన్నారు.

నిరుడు దీపావళి ముందు ఆయన గుండెకి స్టెంటు వేశారు. ఇంటికి పంపే ముందురోజు దవాఖానలో నేను కూర్చుని ఆంటీని ఇంటికి పంపాను. మర్నాడు ఆయన్ని తీసుకొచ్చేసరికి ముందుగదిలో ట్రే నిండా రాగి పతకాలు ధగధగ మెరిసిపోతున్నాయి. ఆంటీ పండక్కి ఇంట్లో బిందెలూ చెంబులూ తోముతూ, చింతపండు, ఉప్పు వేసి వీటిని కూడా తోమేశారు. "ఇంట్ల అన్నీ మెరుస్తుంటే ఇవొక్కటి ఎందుకు నల్లగుండాలె?" అన్నారు, ముఖం వెలిగిపోతూ.

స్టెంటు వేయించుకున్న మనిషికి ఏమవుతుందోనని ఆయన వంకే చూశాను. ఆయన ఒక పతకం అంచు పట్టుకుని తీసి, చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

"మస్తు మెరుస్తున్నయ్. ఎంత కష్టపడ్డవే" అన్నారు.

తర్వాత మెట్ల దగ్గర నాతో మెల్లగా అన్నారు. "ఆమెకు చెప్పకు బిడ్డా. నేను వస్తున్ననని సంబురంల తోమింది. రాగిదేముంది, గాలికి పెడ్తే మల్ల నల్లబడ్తది."

"ఎన్నాళ్లు పడుతుందండి?"

"నాకున్న దినాల కన్న ఎక్కువనే పడ్తది" అని నవ్వారు.

(ఆంటీ ఇలాంటివి చదవరు. ఎవరైనా ఆవిడకి చదివి వినిపిస్తుంటే ఆయన మెట్ల దగ్గర అన్న మాటలకు ముందే ఆపేయండి.)

ఆ పతకాలను ఆయన హైవే వైపు కిటికీ గట్టు మీద పరిచారు. గాలి తగలాలని ఆంటీకి చెప్పారు. రోజూ పొద్దున చాయ తాగాక ఒక్కొక్కటీ తిప్పి పెట్టేవారు. మొదట వాటి మెరుపు తగ్గింది, ఆ తర్వాత తేనెరంగు వచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి అక్షరాల మూలల్లో కాస్త చాయరంగు కనబడింది. నన్ను పిలిచి చూపించారు. ఆయన అంత సంతోషపడగా నేనెప్పుడూ చూడలేదు. తర్వాత కొన్నాళ్లకే పోయారు.

దినాల ముందురోజు కిందికి దిగితే, ఆంటీ వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నారు. ఒక గిన్నెలో చింతపండు నానుతోంది. పక్కన కిటికీలోంచి తెచ్చిన పతకాలు.

"మల్ల నల్లబడ్డయ్ చూడు. రేపు ఫొటో ముంగట పెడ్త. తోమిన నాడు ఆయన ఎంత మురిసిండో నువ్వు గూడ చూసినవ్ గద" అన్నారు.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి సంపాదించుకున్న రంగంతా ఆ గిన్నెలోకి పోబోతోంది. కానీ ఆంటీ ముఖం చూశాక, పతకాలా ఆవిడా అన్నది ఆయన ఎప్పుడో తేల్చేశారనిపించింది. నేనూ పక్కన కూర్చుని చింతపండు చేతిలోకి తీసుకున్నాను. ఇద్దరం కలిసి తోమాం. నీళ్లు గోధుమరంగుకి తిరిగాయి. నాకు కళ్లు మండాయి, చింతపండు వల్ల కాదు.

మర్నాడు అవి ఫొటో ముందు దీపాల వెలుగులో కొత్తవాటిలా మెరిశాయి. చుట్టాలందరూ వెళ్లిపోయాక ఆంటీ వాటి మీద పడ్డ పూజనీళ్లను కొంగుతో ఒత్తి, ఒక్కొక్కటిగా కిటికీ గట్టు మీద పరిచారు.

"గాలి తగలాలె" అన్నారు.