నారాయణగూడకు పోయిన నేరేడు కారు

చిక్కడపల్లిలో కారు నడపడంలో నన్ను మించినవాడు ఉండేవాడు కాదు. నేను స్టీరింగ్ పట్టానంటే మార్కెట్ సందులో జనం మూగేవారు, కూరగాయల బళ్లు ఆగిపోయేవి. ఇలా రాసుకుంటే ఎంత బాగుందో చూడండి. ఉన్నదున్నట్టు చెప్పాలంటే నాకు కారు లేదు, నడపడం రాదు, స్కూటర్ మీద నారాయణగూడ చౌరస్తా దాటాలన్నా గుండె దడదడలాడేది. నేను నడిపింది టీవీలో. మూగిన జనం ముగ్గురు. అందులో ఒకాయన పక్క దుకాణంలో జిరాక్సు మెషిన్ వేడెక్కేదాకా నిలబడ్డవాడు.

తొంభైల చివర్లో అశోక్‌నగర్‌లో ఒకే కాంపౌండులో రెండు పోర్షన్లలో కిరాయికి ఉండేవాళ్లం, నేనూ, నాకంటే కాస్త చిన్నవాడైన ఒక మిత్రుడూ. ఇద్దరం నలభై దాటిన గుమాస్తాలం. మధ్యలో గోడ ఒకటే. మా ఇంట్లో పోపు వేస్తే వాళ్లింట్లో తుమ్మేవారు. ఆయన నన్ను అన్న అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. ఆదివారం పొద్దున కూరగాయలకని సంచులు పట్టుకుని బయల్దేరి, చిక్కడపల్లి మార్కెట్ వెనక ఒక మడిగెలో తేలేవాళ్లం. ఒక్క షట్టరు గది, రెండు టీవీలు, గంట లెక్కన వీడియో గేమ్ ఆట.

ఆట జపాన్‌ది. చీకట్లో కొండ మీది ఘాట్ రోడ్డు, ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ, ఇద్దరి మధ్య పందెం. తెర మీది రాత ఒక్క ముక్క మాకు అర్థమయ్యేది కాదు. ఏ కారు గుణం ఏమిటో తెలియాలంటే ఎక్కి చూడటం తప్ప దారి లేదు. ఒక వానాకాలమంతా మేం చేసింది అదే. ఎర్రది పెళ్లికొడుకు కారులా మెరిసేది, మలుపు రాగానే గోడను కౌగిలించుకునేది. తెల్లది తిన్నటి రోడ్డు మీద విమానం, బ్రేకు మాట మాత్రం వినేది కాదు. వరస చివర్లో ఎవరూ ముట్టనిది ఒకటుండేది, నేరేడుపండు రంగులో బుల్లి కారు.

"గిదేందన్న, అగ్గిపెట్టె లెక్కుంది" అని నవ్వాడు మిత్రుడు.

నడిపితే తెలిసింది దాని సంగతి. పరుగు తక్కువే. కానీ మలుపులో బ్రేకు చిటికెడు నొక్కి తిప్పితే వెనక చక్రాలు జారి, మూతి తనంతట తానే కొండవైపు తిరిగేది. ఆ చిటికెడు ఎక్కడో పట్టుకోవడమే విద్య. ఆయన నా వెనక నిలబడి "ఇప్పుడొత్తు! ఇడువు! ఇడువన్న!" అనేవాడు, నేను నొక్కి వదిలేవాణ్ని. ఆ కారును నేనే కనిపెట్టానని చాలామందితో అన్నాను. ఇద్దరం కనిపెట్టాం. సగానికి పైగా ఆయనే.

మడిగెలో ఒక ఆచారం ఉండేది. సిటీ బస్సు కిటికీలోంచి జేబు దస్తీ వేసి సీటు పట్టుకుంటాం కదా, అలాగే టీవీ మీద ఎవరి దస్తీ ముందు పడితే వారిది మొదటి ఎంపిక. వారు తీసుకున్న కారును ఎదుటివాడు తీసుకోకూడదు. ఆట ఒప్పుకుంటుంది, మడిగె ఒప్పుకోదు. బస్సులోలాగే ఒకరి కోసం ఇంకొకరు కూడా వేయవచ్చు. నేను మార్కెట్లో సంచి నింపేలోపు ఆయన ముందుగా పోయి నా కోసం వేసేవాడు.

నారాయణగూడ నుంచి ఒక పెద్దమనిషి కూడా వచ్చేవాడు. సొంత ఇల్లు, కింది వాటా కిరాయికిచ్చే స్థోమత. ఆయనది తెల్ల కారు. నేరేడు కారుతో ఆయన్ని ప్రతి వారం చిత్తు చేశాను. సరే, ఒక వారం నేను, ఒక వారం ఆయన. చివరికి ఆయనకే విసుగొచ్చింది.

"వచ్చే ఆదివారం ఒక్కటే పందెం పెట్టుకుందాం. ఓడినోళ్లు మళ్ల ఈ మడిగెల ఘాటెక్కొద్దు. ఏమంటరు?"

"ఖాయం" అన్నాను.

ఆ వారమంతా ఆఫీసులో ఫైళ్ల మీద మలుపులే కనిపించాయి. నవ్వకండి. ఉద్యోగంలో గానీ బంధువుల్లో గానీ నేను ఒకరిని దాటి ముందుకు పోయింది లేదు. పోయేది ఆ ఘాట్ రోడ్డు మీదే.

ఆదివారం బీరకాయల సంచితో మడిగెలోకి అడుగుపెట్టేసరికి టీవీ మీద మిత్రుడి దస్తీ కనబడింది. ప్రాణం కుదుటపడింది. రిమోటు అందుకోబోయాను.

"జర ఆగన్న" అన్నాడు మిత్రుడు, నా మొహం చూడకుండా. "అది సార్ కోసం ఏసిన."

"మజాక్ చేస్తున్నవా తమ్మీ?"

"మజాక్ కాదన్న."

పెద్దమనిషి అప్పటికే కుర్చీలో సర్దుకుంటున్నాడు. "మా కిరాయిదారు నాకు గీ మాత్రం చెయ్యడా? ఒకటో తారీకు నుంచి మా కింది వాటలనే ఉంటడు గద. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఇల్లు చూసుకున్నాడు, మాట ఖాయం చేసుకున్నాడు, పాలు పొంగించడానికి మంచి రోజు కూడా పెట్టుకున్నాడు. గోడకు అవతలి తుమ్ము కూడా వినబడే నాకు ఇదేదీ వినబడలేదు.

"చెప్దామనే అనుకున్నన్న. నువ్వు పరేషానయితవని..."

"ఇప్పుడు కాలేదారా?"

"రెండు రూములు. నల్లా నీళ్లు మాకే సపరేటు. పిల్లలు పెద్దగైతున్నరన్న."

పెద్దమనిషి తాపీగా వరస చివరికి పోయి నేరేడు కారు తీసుకున్నాడు. నేను తెల్లది తీసుకున్నాను. కారు పోయినా ఓర్చుకునేవాణ్నేమో. మొదటి మలుపు రాగానే మిత్రుడు ఆయన కుర్చీ వెనక చేరాడు. "ఇప్పుడొత్తుండ్రి సార్. ఇడువుండ్రి" అన్నాడు. అదే గొంతు, అదే చిటికెడు.

ఆఖరి మలుపుదాకా నేనే ముందున్నానని, వెంట్రుకవాసిలో ఓడిపోయానని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. అబద్ధం. మూడో మలుపులోనే గోడను కొట్టాను. తర్వాత కారు ఎటు తిరిగి ఉందో కూడా చూడలేదు.

పాలు పొంగించేనాడు మా ఆవిడ ఒక్కతే వెళ్లింది. నాకు తలనొప్పి అన్నాను. ఆ తర్వాత ఒక ఆదివారం మిత్రుడే మా కాంపౌండుకు వచ్చాడు.

"అన్న, సార్ ఊరికి పోయిండు. పా, ఒక్క ఆట ఆడొద్దాం. ఆయనకేం తెలుస్తది."

"మాటిచ్చిన. ఎక్కను."

ఆయన చెప్పుతో నేల గీకుతూ నిలబడ్డాడు. "నీకు గసోంటి ఇల్లు దొరికితే నువ్వు పోకపోదువా?"

"పోతుంటి. నీకు చెప్పి పోతుంటి."

ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు. ఆయన గేటు గొళ్లెం చప్పుడు కాకుండా వేసి, నారాయణగూడ వైపు నడిచాడు.