హనోయిలో ఒక పున్నమి పూట

మొన్న తిరుపతి బస్టాండు ఎదుట రోడ్డు దాటేటప్పుడు మా ఆయన నా చెయ్యి పట్టుకుని, ఆటోలూ స్కూటర్లూ కొండకు పోయే జీపులూ మీదికొస్తున్నా ఆగకుండా, పరుగెత్తకుండా, పెళ్ళి ఊరేగింపులో నడిచినంత నింపాదిగా అవతలికి నడిచారు. ఒక ఆటో అబ్బాయి తల బయటకు పెట్టి, రోడ్డు నీదా పెద్దాయనా అని అడిగాడు. ఈయన చెయ్యెత్తి, "అందురిదీలేప్పా" అని నవ్వుతూ నడిచారు. ఆ నడక చిత్తూరు జిల్లాది కాదు. వియత్నాంలో ఒక ముసలామె నేర్పింది. ఆ రోజు గురించి ఇంట్లో చాలాసార్లు చెప్పుకున్నాం గానీ, వరసగా మొదటి నుంచీ చెప్పడం ఇదే.

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. చిత్తూరు నుంచి పూతలపట్టు మీదుగా తిరుపతికి, తిరుపతి నుంచి మళ్ళీ చిత్తూరుకు, ఉద్యోగమంతా దాదాపు అదే దారి. కళ్ళు మూసుకుని కూడా నడపగలనని అనేవారు. అలాంటి మనిషికి నీళ్ళంటే భయం. చెన్నై నుంచి బయలుదేరిన మా యాత్రా బృందం హనోయి చేరాక, ఒకరోజు అందరూ పడవ ఎక్కి సముద్రంలో కొండలు చూడడానికి పోయారు. ఈయన మాత్రం కడుపులో తిప్పుతోందని పొద్దున్నే మంచం పట్టారు. పడవ పోయిన గంటకు లేచి టిఫిను తిన్నారు. అలా ఆ పరాయి ఊళ్ళో ఒక రోజంతా మా ఇద్దరికే మిగిలింది.

దగ్గర్లో ఒక చెరువు ఉందనీ, తప్పక చూడమనీ హోటల్లో పిల్ల చెప్పింది. చెరువుకూ మాకూ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. కానీ ఆ రోడ్డు నిండా స్కూటర్లు. తేనెతుట్టె కదిలినట్టు వస్తూనే ఉన్నాయి. ఒక్కో బండి మీద ఇల్లే కదిలి వచ్చినట్టు, ఒకడి వెనుక ఫ్రిజ్జు, ఇంకొకడి వెనుక కుండీతో సహా ఆరంజి చెట్టు, మరొకామె వెనుక బుట్టలో బాతులు. మా ఆయన ఫుట్‌పాత్ అంచున నిలబడి చెయ్యెత్తారు, దించారు, ఒక అడుగు వేశారు, వెనక్కి తీశారు. లారీలకు దారి ఇవ్వని మనిషి ఆ స్కూటర్ల ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు. "ఒక్కడూ బ్రేకు తొక్కడం లేదు మే. మనం ఈడనే ఉండి సూసి పోదాం" అన్నారు.

అప్పుడు వచ్చింది ఆమె. మా కంటే పెద్దది. చేటను బోర్లించి ముడిచినట్టున్న ఆకుల టోపీ, చేతిలో పసుపు పూల కట్ట. ఈయన అవస్థ చూసిందో ఏమో, అడగకుండానే మణికట్టు పట్టుకుని రోడ్డులోకి దిగింది. నేను ఈయన చొక్కా పట్టుకున్నాను. ఆమె ఆగలేదు, వేగం పెంచలేదు, అటూ ఇటూ బెదురుగా చూడలేదు. స్కూటర్లన్నీ మా ముందు నుంచీ వెనుక నుంచీ, బండరాయి చుట్టూ ఏరు చీలినట్టు చీలిపోయాయి. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కళ్ళెర్రజేయలేదు. అవతలికి చేరాక చూస్తే మా ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. తెరిచి, వెనక్కి తిరిగి, ఆ రోడ్డును చాలాసేపు చూశారు. తర్వాత చిన్నగా, "ఎవుడూ నిలబడ్డం లేదు, ఎవుడూ తగలడం లేదు. ఒకర్నొకరు సూసుకుంటా పోతాండారు. ఇట్లాంటి డ్రైవింగు నేను సూళ్ళేదు మే" అన్నారు. ఇంకొక డ్రైవరును ఆయన మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు.

ఆమె పోతూ పోతూ తిని పోండన్నట్టు చేత్తో నోరు చూపించింది. మాకు మాంసం వద్దని చెప్పడానికి నేను ఫోను తీశాను. తెలుగులో చెబితే వాళ్ళ భాషలో, వాళ్ళు చెబితే తెలుగులో మాట్లాడే ఏర్పాటు అందులో ఉంది. ఆమె విని, ఆకాశం వైపు చూపించి, చేతుల్తో గుండ్రంగా చుట్టింది. ఫోను వార్తలు చదివే గొంతుతో, "నేడు పౌర్ణమి. నేడు మేమును మాంసము భుజించము" అంది. మా ఊళ్ళో వెంకటేశ్వరస్వామికని మాంసం ముట్టని పెరటాసి నెల శనివారాలు ఎట్లాగో వాళ్ళకు పున్నమి అట్లాగ. ఇంత దూరం వచ్చి మనలాగే ఒక పూట నోరు కట్టుకునే మనుషులను చూస్తే నాకు బంధువులింటికి వచ్చినట్టయింది.

ముసలామెకు అక్కడే ఒక అంగడి ఉంది. దాని పక్కనే ఇంకొకామె ఫుట్‌పాత్ మీద వంట పెట్టుకుని ఉంది. బడిపిల్లలు కూర్చునేంత ప్లాస్టిక్ స్టూళ్ళు వేసింది. మా ఆయన అందులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. సేమ్యా లాంటి బియ్యపు పోగులు, వేయించిన సోయా ముక్కలు, ఇంకా ఒక పళ్ళెం నిండా పచ్చి ఆకులు. మేకకు వేసినట్టు వేసినారే అని ఈయన గొణిగారు గానీ, ఒక్క ఆకు మిగల్చలేదు. నేను సంచిలోంచి శెనక్కాయ పొడి డబ్బా తీసి కొంచెం చల్లుకుని, పూల ముసలామెకూ పెట్టాను. ఆమె నాలుక మీద వేసుకుని, లేచి లోపలికి పోయి ఒక సీసా తెచ్చింది. అందులోనూ శెనక్కాయ పొడే. నువ్వులు కలిపి దంచారు, కారం లేదు, అంతే. ఇద్దరం ఒకరి పొడి ఒకరు తిని, ఎవరిది వాళ్ళకు బాగుందని తలలూపుకున్నాం.

తిన్నాక ఆమె అంగట్లోకి పిలిచింది. నేను బొమ్మల అంగడి అనుకున్నాను. అన్నీ కాగితంతో చేసినవే. కాగితం చొక్కాలు, కాగితం గడియారాలు, కళ్ళజోళ్ళు, మిద్దె ఇల్లు, ఎర్ర స్కూటరు. ఆ స్కూటరు మా తమ్ముడి మనవడికి బాగుంటుందని చేతిలోకి తీసుకున్నాను. ముసలామె గబుక్కున నా చేతిలోంచి లాక్కుంది. తర్వాత తప్పుగా అనుకుంటానేమోనని నా బుగ్గ నిమిరి, గోడ మీద ఊదొత్తుల వెనుక ఉన్న మగమనిషి ఫొటో చూపించి దండం పెట్టింది. "ఇవి మృతుల కొరకు. కాల్చిన యెడల వారికి చేరును" అంది ఫోను. పసివాడికి ఏమి కొనబోయానో తెలిసి, ఏడుకొండలవాడికి మనసులోనే చెంపలేసుకున్నాను.

వీధిలో ఒక ఇనుప డబ్బా పెట్టి, ఆమె తన భర్తకు ఒక చొక్కా, ఒక కళ్ళజోడు కాల్చింది. పెద్ద ఏడుపేమీ లేదు. పక్క ఊళ్ళో ఉన్న మనిషికి బస్సులో సామాను వేసి పంపినట్టు, సర్ది సర్ది వేసింది. మీరేమి పంపుతారని మమ్మల్ని అడిగింది. అన్నం పెడతాం, కాకి తింటుంది అన్నాను. మరి బట్టలు పెట్టరా అంది. బట్టలూ పెడతాం, పెద్దలకు చూపించి తర్వాత మేమే కట్టుకుంటాం అన్నాను. ఫోను అది చెప్పగానే ఆమె పడీ పడీ నవ్వింది. మరి వాళ్ళకేమి మిగులుతుంది అని అడిగింది. నాకూ నవ్వొచ్చింది. పక్కకు చూస్తే మా ఆయన నవ్వడం లేదు. అంగట్లో కింది అరలో ఉన్న ఒక జత కాగితం చెప్పులను చూస్తూ కూర్చున్నారు.

మా మామ, అంటే ఈయన నాయన, బంగారుపాళ్యం దగ్గర ఊరోళ్ళ మామిడి తోటలకు కావలి కాసేవాడు. జీవితమంతా ఒట్టి కాళ్ళే. ఈయన ఉద్యోగంలో చేరిన కొత్తలో తోలు చెప్పులు కొనిస్తే, అరిగిపోతాయని వేసుకోలేదు. మా పెళ్ళికి కూడా వాటిని చంకలో పెట్టుకుని వచ్చి, చంకలోనే పెట్టుకుని వెళ్ళాడు. ఆయన పోయినప్పుడు ఈయన డ్యూటీలో ఉన్నారు. ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. గూట్లో గుడ్డ చుట్టిన చెప్పులు, అడుగున మట్టి కూడా అంటకుండా, కొన్నప్పటిలాగే ఉన్నాయి. నాకు తెలిసింది అంతే. ఈయన దాని గురించి ఎన్నడూ మాట్లాడింది లేదు.

"పంచె పెట్టినాం, తువ్వాలు పెట్టినాం" అన్నారు ఈయన, నాతోనో ఆమెతోనో తెలియనట్టు. "సెప్పులు ఎవురు పెడతారు మే?"

ఫోను అదెట్లా చెప్పిందో నాకు తెలియదు. ముసలామె లేచి ఆ జత తీసి, ఒక పెన్నుతో సహా ఈయన చేతిలో పెట్టింది. ఎవరికి చేరాలో పేరు రాయాలట. ఈయన అట్ట మీద తెలుగులో నాయన పేరు రాశారు, ఇంటిపేరుతో, ఊరితో. అక్కడ అందించేవాళ్ళకు తెలుగు చదవను వస్తుందా అని నేను అడిగాను. "నాయనకే సదవను రాదు. ఎవురితోనన్నా సదివించుకుంటాడులే" అన్నారు.

డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క చెప్పు నిప్పులో పెట్టారు. అంచులు నల్లబడి, ముడుచుకుని, లేచాయి. "ఏసుకో నాయనా. ఇవి అరిగిపోవు" అన్నారు. ఎప్పుడూ గట్టిగా ఉండే ఆ భుజాలు కదలడం చూసి నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ముసలామె ఒక చిన్న గిన్నెతో సారా తెచ్చి బూడిద చుట్టూ పోసింది, దారిలో ఎవరూ లాక్కోకుండా ఉండడానికట. నాయనకు చెప్పుల కంటే అదే ముందు అంది ఉంటుందని ఈయన కళ్ళు తుడుచుకుంటూ అన్నారు. ఆ మాటకు ముగ్గురం నవ్వాం. ఆమెకు అర్థమయ్యే నవ్విందో, మేము నవ్వామని నవ్విందో.

చీకటి పడ్డాక హోటలుకు తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు దగ్గర ఈయనే నా చెయ్యి పట్టుకుని దింపారు. అంతదాకా ఆ చెరువు గట్టు మీద కూర్చున్నాం. తోటలో రాత్రిపూట నాయన పాడే పాట, పండు కోస్తే ముందు ఎవరికి పెట్టేవాడో, బస్సు ఎక్కినప్పుడు కొడుకు డ్రైవరని పక్కవాళ్ళకు చెప్పుకోవడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయారు. ఇన్నేళ్ళ కాపురంలో నేను వినని సంగతులు. మనిషి పోయి ఎన్నేళ్ళయిందని లెక్క కడతాం గానీ, ఆయన గురించి మాట్లాడడానికి మనకెన్నేళ్ళు పడుతుందో ఎవరూ లెక్క కట్టరు. ఆ సాయంత్రం మా మామ నాకు కొత్తగా పరిచయమయ్యాడు.