పద్మ చేతులు శుభ్రంగానే ఉన్నాయి

ఎనిమిదేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటుంటే అడ్డుపడుతుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తిండి ప్యాక్ చేసే ప్లాస్టిక్ డబ్బాలను పరీక్షించే పని నాది, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో. డబ్బా ముక్కను ఆల్కహాల్‌లో నానబెట్టి, అందులోకి ఏ రసాయనం దిగిందో చూస్తాం. పక్కనే ముక్క వేయకుండా ఒట్టి ఆల్కహాల్ పోసిన గాజు సీసా ఒకటి పెడతాం. దాన్ని బ్లాంకు అంటాం. అందులో ఏమీ కనిపించకూడదు. కనిపించిందంటే పని చేసినవాళ్లే ఎక్కడో అశుభ్రం చేశారని లెక్క. ఆ పరీక్షంతా చెత్తబుట్టలోకే.

పద్మ (అసలు పేరు వద్దు) రాజురా నుంచి బస్సులో వచ్చేది. కాంట్రాక్టు మీద చేరింది, నాకంటే పదేళ్లు చిన్నది. బెంచీ దగ్గరికి వచ్చేముందు ప్లాస్టిక్ గాజులు, క్లిప్పు తీసేసి, జుట్టును నూలు గుడ్డతో కట్టుకునేది. "పద్మ రిపోర్టయితే కళ్లు మూసుకుని సంతకం పెడతాను" అన్నారు మా సార్, నా ఎదుటే. పన్నెండేళ్ల నా చాకిరీలో నా గురించి ఆ మాట ఒక్కసారీ అనలేదు. ఒళ్లు మండిపోయింది. ఆమె నవ్వినా మంటే, నాకు టీ తెచ్చిచ్చినా మంటే.

ఒక కంపెనీ పచ్చళ్ల డబ్బాల మీద ఆమెకు అనుమానం వచ్చి పరీక్ష పెట్టింది. ఇది నిజమైతే ఇక ఆమెను పట్టగలమా? ఆమె భోజనానికి వెళ్లగానే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ముక్కను బ్లాంకులో వేశాను. తిరిగొచ్చేలోపు తీసేశాను.

బ్లాంకులో రసాయనం బయటపడింది. సార్ సంజాయిషీ అడిగారు. పద్మ నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేనేడ తప్పు చేసిన్నో నువ్వన్న చెప్పు."

"చేతులకేమన్న రాసుకున్నవా?" అన్నాను.

చేతులు వాసన చూసుకుంది. "పొద్దుగాల అమ్మ మోకాళ్లకు మందు రుద్దిన. కడుక్కున్న గానీ... గదే అయ్యుంటదా అక్కా?"

"అయ్యుంటది."

తప్పు తనదేనని మరాఠీలో రాసిచ్చింది. అందులో అక్షరదోషాలు దిద్దింది నేనే. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ఆపేశారు. పరీక్ష మళ్లీ చేయమని నాకిచ్చారు. ఆమె అనుమానమే నిజమైంది, డబ్బాలు వెనక్కి పోయాయి, మెప్పు నాకు దక్కింది.

ఆమె లేకపోతే పైకి వస్తాననుకున్నానా? అదీ కాదేమో. ఆమె నాకంటే మంచి పనిమంతురాలని అందరికంటే ముందు నాకే తెలిసింది, ఆ తెలియడాన్నే భరించలేకపోయాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కుళ్లు ఇంకా పోలేదు. తనది కాని తప్పును ఆమె ఒక్క పూటలో ఒప్పుకుంది. నాదైన తప్పుకు నాకు ఎనిమిదేళ్లు పట్టింది, అదీ పేరు దాచుకుని.

ఆమె క్షమించాలని అడగను. రాసేశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆమె మాత్రం ఈరోజుకీ తన చేతులనే అనుమానిస్తూ ఉండి ఉంటుంది.