ముప్పై ఎనిమిది శాతం

పుంగనూరులో దిల్షాద్ ఉండే సందులో ఎవరూ 'పిచ్చోడు' అనే మాట వాడరు. తాగొచ్చిన మొగుణ్ణి తిట్టాలన్నా వేరే మాట వెతుక్కుంటారు. పదిహేనేళ్ళ కిందట ఒకాయన ఆమె కొడుకును ఆ మాట అన్నాడు. దిల్షాద్ కుట్టుమిషను ముందు నుంచి లేచి, గుడ్డ కొలిచే చెక్క స్కేలు తీసుకుని, ఆయన వీపు మీద అది విరిగేదాకా కొట్టింది. సగం స్కేలు ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. దానితోనే కొలుస్తుంది.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. భర్త ఉమర్ పోయి పన్నెండేళ్ళు. ఇంట్లోనే కూర్చుని లంగాలు, జాకెట్లు కుడుతుంది. బయటికి పోయి చేసే పని ఏదీ ఆమెకు కుదరదు. కొడుకు రఫీక్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. గడ్డం దట్టంగా వస్తుంది. ఆమే గీస్తుంది. పుట్టినప్పుడు వాడు ఏడవలేదు. మూడో ఏట నుంచి ఫిట్స్. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. అందులో వాడికున్న మాటలు మూడు. అమ్మీ. పానీ. నక్కో, అంటే వద్దు. ఒకటికి వస్తే చెప్పడానికి మాట లేదు. వాడి మొహం చూసి ఆమె లేపి తీసుకుపోతుంది.

తెలుగులో మాత్రం వాడికి ఐదు వాక్యాలు వచ్చు.

ఇరవై ఏళ్ళ వయసులో వాడు సంతలో తల్లి చెయ్యి వదిలి పోయాడు. ఏ బస్సు ఎక్కాడో, ఎవరు దించారో తెలియదు. రెండో రోజు వాల్మీకిపురం బస్టాండులో దొరికాడు. ఒంటి మీద చొక్కా లేదు. వీపంతా వాతలు. "పేరు చెప్పురా అంటే చెప్పలేదమ్మా, దొంగ అనుకున్నాం" అన్నాడు అక్కడి బంకువాడు.  దిల్షాద్ తన దుపట్టా తీసి కొడుక్కు కప్పి ఇంటికి తెచ్చుకుంది.

ఆ వారంలోనే నేర్పడం మొదలుపెట్టింది. అడిగేవాళ్ళు పోలీసులైనా కండక్టరైనా తెలుగులోనే అడుగుతారు, అందుకని తెలుగులోనే నేర్పింది. మిషను తొక్కుతూ చెప్పేది. మిషను ఆపి వాడి చేత చెప్పించేది. ఒక్కో వాక్యానికి ఒక్కో ఏడాది పట్టింది.

"నమస్కారం సార్. నా పేరు రఫీక్. మాది పుంగనూరు. మా అమ్మ పేరు దిల్షాద్. మా అమ్మను పిలవండి."

నేను కనిపించకపోతే చెప్పాలి అని నేర్పింది. వాడు కొత్త మనిషి కనిపిస్తే చాలు, చేతులు జోడించి మొత్తం అప్పజెప్పేవాడు. గ్యాసుబండవాడికి చెప్పాడు. ఓట్లడగడానికి వచ్చినవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు నవ్వి దండం పెట్టినప్పుడు ఆమె తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకునేది. సంతోషం ఎవరికీ కనిపించకూడదని.

అప్పుడు పై నుంచి ఉత్తర్వు వచ్చింది. వికలాంగుల సర్టిఫికెట్లన్నీ మళ్ళీ పరీక్షిస్తారు. దొంగ సర్టిఫికెట్లు ఎక్కువయ్యాయట. రఫీక్‌ను మదనపల్లె క్యాంపుకు తీసుకురమ్మని నోటీసు. వాడి పాత కాగితంలో ఎనభై శాతం అని ఉంది. కొత్త కాగితంలో నలభై దాటకపోతే పింఛను లేదు, మందుల కార్డు లేదు, బస్సు పాసు లేదు.

దిల్షాద్ కొడుక్కు తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. గడ్డం నున్నగా గీసింది. తలకు నూనె రాసి పాపిడి తీసింది. నలుగురిలోకి తీసుకుపోయేటప్పుడు వాడు అట్లాగే ఉండాలి. ఆ పట్టుదల మీదే ఆమె ఇన్నేళ్ళు బతికింది.

మదనపల్లెలో డాక్టరు కాగితంలో చూసి ప్రశ్నలు అడిగాడు.

"పేరేంటయ్యా?"

రఫీక్ లేచి నిలబడి ఐదు వాక్యాలూ చెప్పాడు. డాక్టరు నవ్వాడు.

"అన్నం సొంతంగా తింటాడా అమ్మా?"

"తింటాడు సారూ. మెతుకు కింద పడదు." అన్నం తను కలిపి, ముద్దలు చేసి, పళ్ళెం అంచున పెడుతుందని చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

"చొక్కా?"

"ఏసుకుంటాడు." మొదటి గుండీ ఆమె పెడుతుంది.

"గుడ్డలు పాడు చేసుకుంటాడా?"

"నా బిడ్డా? ఒక్కనాడు లేదు సారూ."

"ఇంట్లో ఏం మాట్లాడతారు?"

"ఉర్దూ."

"అయితే రెండు భాషలు" అన్నాడు డాక్టరు, పక్కన టైపు చేస్తున్న అమ్మాయితో. ఆ మాటకు దిల్షాద్ ఒళ్ళు పులకరించింది. అడిగిన ప్రతిదానికీ బాగా జవాబు చెప్పామనుకుని, బస్టాండులో కొడుక్కు బన్ను కొనిపెట్టింది.

మూడు వారాలకు కాగితం వచ్చింది. ముప్పై ఎనిమిది శాతం.

పుంగనూరులో ఆఫీసుల ముందు బల్ల వేసుకుని అర్జీలు రాసే సిద్దప్ప ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఏందమ్మా, పెండ్లిసూపులకు తీస్కపొయినట్ల తీస్కపొయినావా బిడ్డను?"

"మురికిగా తీస్కపోవాల్నా?"

"మరి? ఆడ ఏది సూపీయాల్నో దాన్ని దాసిపెట్టి వస్తివి. లేనిది సూపిచ్చి వస్తివి." అప్పీలు కాగితం బయటికి తీశాడు. "ఈసారి కుప్పంలో సూస్తారు. రెండు దినాలు నీళ్ళు పోయొద్దు. తల దువ్వొద్దు. ఆ ఫిట్సు మాత్రలుండాయి గదా, అవి గూడా ఆపు. ఆడనే పడిపోతే డాక్టరు పెన్ను దానంతటదే నడుస్తాది."

"నీ బిడ్డకైతే ఆపుతావా?"

"నా బిడ్డకు ఆ కర్మ యాలమ్మా?"

"అందుకే నీ నోట్లోంచి అంత సులువుగా వస్తాండాది."

సిద్దప్ప నవ్వాడు. "నా మీద కోపం యాల? నిమ్మనపల్లె గంగులయ్య కూతురికి ఇట్లనే చెప్పినా. తొంబై వచ్చింది."

"ఆ పాపకేమయింది?"

సిద్దప్ప పెన్నుకు మూత పెట్టాడు. "నాలుక కొరుక్కునింది. రెండు కుట్లు ఏసినారు."

దిల్షాద్ వేలిముద్ర వేయలేదు. తనకు సంతకం వచ్చునని చెప్పి, ఉర్దూలో సంతకం పెట్టి, వాడి బల్ల మీద రాసినదానికి ఇవ్వాల్సింది పడేసి వచ్చింది.

కుప్పం పోవడానికి ముందురోజు రఫీక్‌కు నీళ్ళు పోయలేదు. తెల్లవారి వాడు చెంబు పట్టుకుని కొళాయి దగ్గర నిలబడ్డాడు. ఆమె లోపలికి వచ్చేసింది. కొంతసేపటికి వాడూ లోపలికి వచ్చి, మాత్ర వేసుకునే చోట గోడకు ఆనుకుని నోరు తెరిచాడు. రోజూ అట్లాగే తెరుస్తాడు. ఆమె మాత్రల అట్ట చేతిలో పట్టుకుని ఊరుకుంది. వాడికి అనుమానం తెలియదు. ఎంతసేపైనా తెరిచిన నోరు మూయలేదు.

"దొంగనాయాళ్ళు" అంది దిల్షాద్. సిద్దప్పనా, మదనపల్లె డాక్టరునా, నలభై దగ్గర గీత గీసినవాళ్ళనా, ఎవరిని అన్నదో ఆమెకే తెలియదు. మాత్ర నోట్లో వేసింది. నీళ్ళు పోసింది. గడ్డం గీసి పాపిడి తీసింది.

"ఈ పొద్దు గమ్మునుండాల. నమస్కారం నక్కో" అని వేలు చూపించి చెప్పింది. వాడు సంతోషంగా చేతులు జోడించి మొత్తం అప్పజెప్పాడు.

బస్సులో కండక్టరు పాసు తిప్పి చూసి, "ఇది చెల్లదమ్మా, రెండు టికెట్లు తీసుకో" అన్నాడు. తీసుకుంది. పలమనేరులో బస్సు మారారు. కుప్పంలో దిగేసరికి ఎండెక్కింది. ఆసుపత్రి వరండాలో పొడవైన వరస. సగం మంది తమిళంలో, కొందరు కన్నడంలో విసుక్కుంటున్నారు. ముసలి తల్లిదండ్రులు, వాళ్ళ పక్కన మీసాలొచ్చిన బిడ్డలు. కొందరికి తలలు దువ్వి లేవు. దిల్షాద్ అటు చూడలేదు.

ఈ డాక్టరు చిన్నవాడు. ముందు మదనపల్లె రిపోర్టు చదివాడు. తలెత్తేలోపే రఫీక్ చేతులు జోడించాడు. ఐదు వాక్యాలూ అయిపోయాయి.

"బాగా మాట్లాడుతున్నాడే" అన్నాడు డాక్టరు. "రెండు భాషలని కూడా రాసుంది. చెప్పండమ్మా, ఇతనికి మీరు ఏమేం సాయం చేస్తారు?"

దిల్షాద్ ఆలోచించింది. ముద్దలు కలపడం, గుండీ పెట్టడం, మొహం చూసి లేపడం, ఇవి సాయం అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఏం జేస్తాను సారూ, తల్లిని."

"అంటే తన పనులు తనే చేసుకుంటాడు" అని డాక్టరు కంప్యూటర్లో కొట్టాడు.

మదనపల్లెలో ఏం జరిగిందో అప్పుడు ఆమెకు తెలిసింది. ఒక మనిషిని కూర్చోబెట్టి ఇద్దరి బలం కొలిచారు.

ఆమె లేచింది. "సారూ, నేను బయట కూసుంటా. వాణ్ణి సూడండి."

"తల్లి గానీ గార్డియన్ గానీ పక్కన ఉండాలమ్మా. రూలు."

"ఆ కాగితంలో నేను యాడుండానో సూపీండి. శాతం నాకిస్తాండారా, వానికిస్తాండారా?"

"కోపం వద్దమ్మా. బయట ఇంకా ఎనభై మంది ఉన్నారు."

"ఆ ఎనబై మందిలో నిలబడే వచ్చినా. ఒక్క గంట పెట్టుకోండి సారూ. నేను ఇరవై తొమ్మిదేండ్లు పెట్టుకున్నా."

రఫీక్ కూడా లేచాడు. ఆమె దుపట్టా అంచు వాడి పిడికిట్లో ఉంది. దిల్షాద్ ఒక్కో వేలూ విడదీసింది. పుట్టి బుద్ధెరిగి ఆ పని ఎప్పుడూ చేయలేదు. బయటికి వచ్చి తలుపు తనే మూసింది.

వరండా చివర సిమెంటు బెంచీ ఉంది. అక్కడికి గదిలో మాటలు వినిపిస్తాయి. మొదట వాడి గొంతు మామూలుగానే ఉంది. నమస్కారం సార్, నా పేరు రఫీక్. డాక్టరు ఏదో అడిగాడు. మళ్ళీ నమస్కారం సార్. ఇంకేదో అడిగాడు. మళ్ళీ అదే, కాస్త గట్టిగా. తర్వాత అడగకుండానే. వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మా అమ్మను పిలవండి, మా అమ్మను పిలవండి. తలుపు మీద దెబ్బలు.

ఆసుపత్రి ఆయా చెంగమ్మ తలుపు సందులోంచి దూరి బయటికి వచ్చింది. "ఓ యమ్మా! రా, నీ కొడుకు తలుపు పగలగొడతాండాడు."

"పగలగొట్టనీ."

"పిలస్తాండాడు గదా నిన్ను! నువ్వేం తల్లివి?"

"పిలస్తాండాడనే మాట లోపల చెప్పి రాసుకోమను. కాలమ్ ఉంటే."

వరసలో ఒకాయన అరిచాడు. "నీ నాటకాలకు మా టైం యాల తింటాండావమ్మా?" ఆయన పక్కన నడుం వంగిన కూతురు. దిల్షాద్ ఆయన వైపు చూసి, "నీ బిడ్డది కంటికి కనిపిస్తాది, అద్దగంటలో తేలుస్తారులే, పో" అంది. 

తర్వాత గదిలో చప్పుడు ఆగిపోయింది. అది ఇంకా కష్టంగా ఉంది. భయపడితే వాడికి ఫిట్స్ వస్తుంది. మధ్యాహ్నం మాత్ర ఆమె సంచిలో ఉంది. మాత్ర ఆపమన్నందుకు సిద్దప్ప మీద మండిపడిన మనిషి తనే. ఇప్పుడు మాత్రకు బదులు తననే వాడికి అందకుండా ఆపింది. ఏది ఎక్కువ పాపమో చెప్పేవాళ్ళు అక్కడెవరూ లేరు. బెంచీ అంచు పట్టుకున్న చేతులు వదిలితే లోపలికి పరిగెత్తి పోతానని, వదల్లేదు.

చెంగమ్మ మళ్ళీ వచ్చింది. బకెట్టు, గుడ్డ తీసుకుంది. "ఒకటికి పోసేసినాడు. చెప్పచ్చు గదా పెద్దమనిషి!"

"చెప్పడు. వాని మొగం చూసుకోవాల."

"ఎంతసేపని సూస్తారు మొగం?"

దిల్షాద్ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. చెంగమ్మ ఒక్క క్షణం నిలబడి, బకెట్టు ఎత్తుకుని పోయింది.

గంట కాలేదు. డాక్టరే తలుపు తీసి నిలబడ్డాడు. "రండమ్మా" అన్నాడు. ఆ గొంతులో రూలు లేదు.

లోపల కుర్చీ ఒకటి పడి ఉంది. నేల తడిగా ఉంది. బల్ల మీది ఫైళ్ళు కిటికీలోకి చేరాయి. ప్రింటరు కాగితం బయటికి తోసింది. ఎనభై ఐదు. శాశ్వతం. డాక్టరు ఆమె మొహం చూడకుండా కాగితం ముందుకు జరిపాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి. తల్లి లేదా సంరక్షకులు అని ఉంది చూడండి."

"ఇప్పుడుండానా నేను?" అంది దిల్షాద్. పెన్ను తీసుకుని కుడి నుంచి ఎడమకు తన పేరు రాసింది.

రఫీక్ గది మూలలో గోడకు అంటుకుని ఉన్నాడు. మొదటి గుండీ ఊడిపోయింది. పాపిడి చెదిరింది. ప్యాంటు తడిసి కాళ్ళకు అతుక్కుంది. ఆమె దగ్గరికి పోయి, "రఫీక్, చలో బేటా" అని చెయ్యి చాపింది.

వాడు ఆ చేతిని చూశాడు. ఆమె మొహం చూశాడు. రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం సార్" అన్నాడు. "నా పేరు రఫీక్. మాది పుంగనూరు. మా అమ్మ పేరు దిల్షాద్. మా అమ్మను పిలవండి."