పెద్ద వరద వచ్చిన ఏడు

సోడె ముత్తక్క ఉద్యోగాన్ని సీఆర్పీ అంటారు. పినపాక మండలంలో అడవి అంచు బడులన్నీ స్కూటీ మీద తిరగాలి. సార్లు పాఠం ఎట్లా చెబుతున్నారో చూసి, వాళ్ళకు తోచని చోట సాయం చేయాలి. కాంట్రాక్టు ఉద్యోగం. సార్లు ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పిస్తారు, చెప్పినదానికల్లా తల ఊపుతారు. స్కూటీ మలుపు తిరగగానే పాత పాటే.

ముత్తక్క కోయ మనిషి. భద్రాచలం హాస్టల్లో ఉండి డిగ్రీ దాకా చదివింది. ఆ చదువులోకి కాకతీయులు వచ్చారు, నిజాం వచ్చాడు, ఇంగ్లిషువాళ్ళు వచ్చారు. ఆమె గూడెం మాత్రం ఏ పేజీలోకీ రాలేదు. తొమ్మిదో తరగతిలో, మా ఊరు ఎప్పటిది సార్ అని అడిగితే, అడవికి చరిత్రేందే అన్నాడట సారు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు చెవిలో ఉండిపోయింది కాబట్టే, ఏ బడికి పోయినా లెక్కలు, ఇంగ్లిషు చూసి ఊరుకోదు. సాంఘికశాస్త్రం పీరియడ్ దాకా ఆగుతుంది.

ఒక ఏడాది అటవీశాఖ జేసీబీలు వచ్చి, అడవి కొట్టి చేసుకున్న పోడు చేలకు అడ్డంగా కందకాలు తవ్వుతున్నాయి. ఒక బడిలో ప్రభాకర్ సారు అడవుల పాఠం చెబుతున్నాడు. పెనుబల్లి వైపు మనిషి, మంచివాడే, మణుగూరులో కిరాయికి ఉంటూ రోజూ బండి మీద వస్తాడు. ముందు వరుసలో పిల్లవాడు లేచి, మా చేను ఎందుకు తవ్విండ్రు సార్ అన్నాడు. ఆ ఊరి కోయ రైతు సీతయ్య కొడుకు, చివరి బెంచీలోని ఉంగి అనే పిల్లను చూపించి, వీళ్ళు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి నరకబట్టే అన్నాడు. సారు డస్టరుతో బల్ల మీద కొట్టి, అది సిలబస్‌లో లేదు, పేజీ తిప్పండి అన్నాడు. పిల్లలు తిప్పారు. ఉంగి తిప్పలేదు.

ఉంగి గుత్తికోయ పిల్ల. తండ్రి మడకం ఐత సరిహద్దు దాటి వచ్చి, అడవి లోపల గుడిసె వేసుకున్నాడు. ఆ క్లాసులో పిల్లలంతా కోయలే, ఇంట్లో మాట్లాడే మాటా ఒకటే. అయినా ఉంగి పక్కన ఎవరూ కూర్చోరు.

"నేనేం చెప్పాలమ్మా? ఒక మాట అటైతే వాళ్ళ నాన్నలు వస్తారు, ఇటైతే నాకు మెమో వస్తుంది," అన్నాడు ప్రభాకర్ సారు, పీరియడ్ అయ్యాక.

"మీరేం చెప్పకుండ్రి సార్. వాళ్ళను చెప్పనియ్యుండ్రి," అంది ముత్తక్క.

తమ గూడెం ఎట్లా పుట్టిందో ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మని పిల్లలకు చెప్పింది. కోయలకు అది గౌరవం. పెళ్ళిలో ఆ కథ చెబుతారు, చావులోనూ చెబుతారు. వారం తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఇల్లు వేసే చోట రాత్రి బియ్యపు గింజలు పెట్టి, తెల్లారి అవి చెదరకుండా ఉంటేనే మా ముత్తాత గుంజ పాతిండు అన్నాడు సీతయ్య కొడుకు. చివరికి ఉంగి లేచి కోయలో చెప్పింది. అటువైపు వాళ్ళ ఊరు కాలిపోయింది. తండ్రి నాయనమ్మను భుజాన వేసుకుని అడవిలో నడిచాడు. గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు ఇక్కడికి చేరారు. వాళ్ళూ గింజలు పెట్టారు, వాళ్ళవీ చెదరలేదు.

సీతయ్య కొడుకు వెనక్కి తిరిగి ఆ పిల్లను మొదటిసారి చూసినట్టు చూశాడు.

ముత్తక్క ఉంగి గట్టు అడిగింది. గట్టంటే వంశం, ఇంటిపేర్లు వేరైనా ఒక గట్టువాళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ఇద్దరిదీ ఒకటే గట్టు. అయితే మీ నాయన నాకు తమ్ముడు, నేను నీకు మేనత్తను అంది. ఆ రోజు నుంచి ఉంగికి ఆమె అత్త. ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర సీతయ్య కొడుకు పళ్ళెం తెచ్చుకుని ఉంగి పక్కన కూర్చున్నాడు. తర్వాత క్లాసులోనూ ఆ పిల్ల బెంచీకే మారాడు.

ప్రభాకర్ సారుకు కోయ రాదు. ముత్తక్క తెలుగులో చెబుతుంటే బోర్డు మీద గీత గీసి ఊళ్ళ పేర్లు, అవి పుట్టిన ఏళ్ళు వరసగా రాశాడు. ఉంగి గూడెం దగ్గర చాక్‌పీసు ఆపి, "ఏ వరద? మొన్న వచ్చిందా?" అన్నాడు.

"అది కాదు సార్, అంతకు ముందుది. రెండు వేల ఆరు."

ఉంగి చెప్పింది వరద. దాన్ని అంకె చేసింది ముత్తక్క. అడవి భూమికి పట్టా రావాలంటే రెండు వేల ఐదు డిసెంబరుకు ముందు నుంచే అక్కడ ఉండాలని ఆమెకు తెలుసు, మండలంలో ప్రతివాడికీ తెలుసు. ఊరు పుట్టిన కథ చెప్పుకోవడం కూడా నేరమయ్యే కాలం వచ్చిందని ఆమెకు ఆ క్షణాన తట్టలేదు.

పట్టాల కోసం గ్రామసభ బడి ఆవరణలోనే పెట్టారు. దరఖాస్తులు చూడటానికి వచ్చిన అధికారికి కోయ మాట తెలుగులో చెప్పడానికి ముత్తక్కను పిలిపించారు. పాతికేళ్ళుగా దున్నుతున్నానని ఐత చెప్పాడు. ఆమె ఆ మాటే తెలుగులో చెప్పింది. అప్పుడు సీతయ్య లేచాడు. అతని చేను సగం కందకం కింద పోయింది. బయటివాళ్ళను కలుపుకుంటే ఊరందరి దరఖాస్తులూ పోతాయని ఎవరో అతని చెవిలో వేశారు.

"ఏం వదినా, సార్లకే సారువైతివి. వీళ్ళు ఎప్పుడొచ్చిండ్రో నువ్వే గద బోర్డు మీద రాయిస్తివి? నా కొడుకు చెప్పిండు. గీ సారుకు గూడ చెప్పు."

అధికారి తలెత్తాడు. ప్రభాకర్ సారు వరండాలో నిలబడి తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఐతకు తెలుగు రాదు, అయినా ఆమె ముఖమే చూస్తున్నాడు. తండ్రి పక్కన నిలబడ్డ ఉంగికి తెలుగు వచ్చు. అవునంటే ఐత చేను పోతుంది.

"పిల్ల అల్లి చెప్పింది సార్," అంది ముత్తక్క. "అంతా అబద్ధం. ఆ ఈడు పిల్లలు గట్లనే అల్లుతరు."

"మరి నువ్వు లెక్కగట్టలే?" అన్నాడు సీతయ్య.

"అవ్. కథకు లెక్కగట్టిన."

జనం నవ్వారు. ముత్తక్కకు ఆ నవ్వు తెలుసు. ఉంగి నవ్వినవాళ్ళ వైపు చూడలేదు, అత్తను చూసింది.

పోనీ ఆ అబద్ధం చేనునైనా కాపాడిందా అంటే, అదీ లేదు. ఐత దరఖాస్తు వెనక్కి వచ్చింది, సీతయ్యదీ వచ్చింది. ఎందుకని ఎవరూ చెప్పలేదు. వానలకు ముందే కందకం గూడెం దాకా వచ్చింది. సీతయ్య కొడుకు మళ్ళీ ముందు బెంచీకి పోయాడు.

విచిత్రం ఏమిటంటే, ముత్తక్క పద్ధతి ప్రభాకర్ సారుకు నచ్చింది. పైనుంచి ఎవరో బడి చూడటానికి వచ్చిన రోజు, పిల్లల చేత ఊళ్ళ కథలు చెప్పించాడు. నీది బాగుంటుంది, చెప్పమ్మా అని ఉంగిని లేపాడు. ముత్తక్క గోడవారగా కుర్చీలో ఉంది. ఉంగి నిలబడి బోర్డు వైపు చూసింది.

"నాకు యాదికి లేదు సార్."

బడి వదిలాక గేటు దగ్గర ముత్తక్క స్కూటీ ఆపింది. మీ చేను కోసమే గట్లన్న బిడ్డా, అత్త మీద కోపమొచ్చిందా అని కోయలో అడిగింది.

ఉంగి తెలుగులో జవాబిచ్చింది.

"లేదు మేడం."

స్కూటీకి దారి ఇస్తూ పక్కకు జరిగింది.