అవ్వ బీపీ డాక్టరుకు అంటుకున్న రోజు

నిన్న విరుదునగర్ క్లినిక్‌లో నర్సు నా చేతి నుంచి బీపీ పట్టీని పర్రుమని ఊడదీసింది. ఆ చప్పుడుకు చిన్నప్పటి కోవిల్‌పట్టి ఆస్పత్రి గది గుర్తొచ్చింది.

మా అవ్వ బీపీ మాత్రలు మానేసిందని తెలిసి డాక్టరు ఆ రోజు గట్టిగా కేకలేశాడు. ఆ తమిళ ఊళ్లో ఆయన కూడా మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. అవ్వ ఆయన కేకలకు బెదరలేదు.

"తల నొయ్యలే, కండ్లు తిరగలే. నోవు లేని ఒంటికి మాత్తర ఏమిటికి నాయనా?"

"బీపీ చెప్పి రాదవ్వా! నోవు వచ్చినంక మింగి ఏం లాభం?"

"నువ్వు ఎప్పుడన్నా చూసుకుంటివా?"

"నాకేమవ్వా, గుండ్రాయి మాదిరి ఉండాను," అని నవ్వుతూ ఆయన అవ్వ చేతికున్న పట్టీనే పర్రుమని ఊడదీయించి తన చేతికి చుట్టించుకున్నాడు.

అక్కడి నర్సు గాలి కొట్టి అంకె చూసింది. మళ్లీ కొట్టింది. "అవ్వ కంటే ఎక్కువుంది సార్," అంది మెల్లగా.

డాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను అదిరిపోయాను. రబ్బరు గొట్టంలోంచి అవ్వ బీపీ ఆయన ఒంట్లోకి పోయిందనుకున్నాను.

"అవ్వా, నీది పాయె! ఇంక మాత్తర వద్దు!" అని అరిచాను.

ఎవరూ నవ్వలేదు. అవ్వ సంచిలోంచి మాత్ర తీసి నోట్లో వేసుకుంది. "నువ్వూ మింగు నాయనా," అంది.

ఆ తర్వాత అవ్వ ఏనాడూ మాత్ర మానలేదు. అందరినీ అంతగా తిట్టే ఆ డాక్టరు తన బీపీ ఎందుకు చూసుకోలేదో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. ఆయనకూ ఎక్కడా నొప్పి లేదు.